ఇంటి స్లాబుకి ఫైబర్ రాడ్డు: వేడికి కాంక్రీటుతో పట్టు వదిలేస్తుందా?

సముద్రపుగాలి:
మాది బందరు దగ్గర. పాత స్లాబు పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. పడగొట్టి కొత్తది వేస్తున్నాం. గ్లాస్ ఫైబర్ రాడ్డయితే తుప్పు పట్టదంటున్నారు. వేడికి మెత్తబడి కాంక్రీటులోంచి జారిపోతుందని మా బావ భయపెడుతున్నాడు. ఏది నమ్మాలి?

లోడ్ లెక్కలు:
మీ బావగారు చెప్పింది మంట విషయంలో నిజం. ఆ రాడ్డులో గాజుపోగులను కలిపి ఉంచేది రెజిన్ అనే గట్టిపడిన జిగురు. కాంక్రీటును పట్టుకునేదీ పైనున్న రెజిన్ పొర, దాని మీది ఇసుక పూతే. వంద డిగ్రీలు దాటాక ఎక్కడో ఒకచోట రెజిన్ మెత్తబడుతుంది. పోగులు గట్టిగానే ఉంటాయి, పట్టు మాత్రం పోతుంది. 1999లో కాట్జ్, బెర్మన్, బ్యాంక్ అనే ముగ్గురు పరిశోధకులు చేసిన పరీక్షల్లో 250 డిగ్రీలకు చేరేసరికి 80 నుంచి 90 శాతం పట్టు పోయింది. అదే వేడికి మామూలు స్టీలుకి పోయింది 38 శాతమే.

గల్ఫ్ సైటు:
సౌదీలో జజాన్ వరద కాలువ 21 కిలోమీటర్ల పైమాటే, మొత్తం ఫైబర్ రాడ్డే. అక్కడి ఎండ మీ బందరు ఎండకి తాత. పట్టు వదిలిందా?

లోడ్ లెక్కలు:
కాలువకి నిప్పంటుకుంటుందా సార్?

గల్ఫ్ సైటు:
ఆయన అడిగింది వేడి గురించి. మీరే మంట తెచ్చారు.

పైపుల రాజు:
మీటరు రేటెంత?

లోడ్ లెక్కలు:
ఎండకి భయం లేదు, నేనెప్పుడు ఉందన్నాను? ఈ రాడ్లకున్న అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎమ్ డి7957 ప్రకారం రెజిన్ మెత్తబడే ఉష్ణోగ్రత కనీసం 100 ఉండాలి. డాబా పైన కాళ్లు కాలినా లోపలి రాడ్డు అంత వేడెక్కదు. కానీ వంటింట్లో మంటలు లేస్తే, స్లాబు కింద 20 మి.మీ. కవరే (రాడ్డుని కప్పే కాంక్రీటు మందం) కదా ఉండేది. అరగంట తిరక్కుండానే రాడ్డు దగ్గర 200 దాటుతుంది.

గల్ఫ్ సైటు:
ల్యాబులో చిన్న ముక్కని కాల్చి లాగిన లెక్క, ఇంటికి వర్తించదు.

ఎమ్‌టెక్ కుర్రాడు:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. రాడ్డు కొసలు గోడ లోపలో, బీమ్ మీదో మంట తగలని చోట ఉంటే, మధ్యలో పట్టు పోయినా కొసల దగ్గర పట్టు నిలుస్తుంది. రాడ్డు తాడులా వేలాడుతూ బరువు మోస్తుంది. స్లాబు మధ్యలో ల్యాపు వేశారో, అంటే రెండు రాడ్ల కొసల్ని పక్కపక్కన పెట్టి అతుకు వేశారో, అక్కడే తెగినట్టు లెక్క.

లోడ్ లెక్కలు:
మన సైట్లలో మేస్త్రీ ల్యాపు ఎక్కడ వేస్తాడో మీకు తెలుసా తమ్ముడూ? మిగిలిన ముక్కలు ఎక్కడ అయిపోతే అక్కడ.

గల్ఫ్ సైటు:
స్టీలు కంపెనీ వాళ్లు ఎంతిస్తున్నారు మీకు?

లోడ్ లెక్కలు:
మీరు డీలరా? ముందు అది చెప్పండి. మా అపార్ట్‌మెంట్‌లో సిలిండర్ అంటుకున్న రోజు మా అమ్మని కుర్చీతో సహా మూడంతస్తులు దించాం. ఆ కాసేపు స్లాబు నిలబడటమే నాకు కావాలి. తుప్పు ముందే చెబుతుంది: మరక, పగులు, పెచ్చు. పట్టు జారితే చెప్పేదేమీ ఉండదు.

గల్ఫ్ సైటు:
డీలర్ని కాదు. ఊళ్లో మా ఇంటి స్లాబు పెచ్చు పడి మా అక్క కొడుక్కి తలకి కుట్లు పడ్డాయి. మీరన్నట్టు మరకలు కనబడ్డాయి, పగుళ్లూ కనబడ్డాయి. బాగుచేయించడానికి డబ్బే లేదు. ఉప్పుగాలి ఊళ్లో తుప్పు ఖాయం. మంట వస్తే వస్తుంది, లేకపోతే లేదు. మీరు రానిదానికి భయపడి వచ్చేదాన్ని మా నెత్తిన పెడుతున్నారు.

లోడ్ లెక్కలు:
ఇది మొదటే చెప్పుంటే ఇంత గొడవ లేదు. బాబుకి అలా జరగడం బాధాకరం. అయినా మనుషులు పడుకునే స్లాబుకి, మంట లెక్క వేసి ఇంజనీరు సంతకం పెట్టకుండా ఫైబర్ వద్దనే అంటాను. స్టీలు వేసి, మంచి గ్రేడు కాంక్రీటు, మందం కవర్, వేశాక కాంక్రీటుని నీళ్లతో తడపడం సరిగ్గా చూసుకోండి.

గల్ఫ్ సైటు:
ఆ మూడూ చూసేవాడుంటే మా స్లాబు పడేదా?

సముద్రపుగాలి:
పైస్లాబుకి స్టీలే వేయిస్తాను. ప్రహరీ పునాదికి, వాకిట్లో నేల కాంక్రీటుకి ఫైబర్ అనుకుంటున్నా. మేస్త్రీ మాత్రం రింగులు సైటులోనే బ్లోయర్‌తో వేడిచేసి వంచుతానంటున్నాడు.

లోడ్ లెక్కలు:
వంచనివ్వకండి. ఒకసారి గట్టిపడిన ఆ రెజిన్ మళ్లీ వంగదు, పాడవుతుంది. ఫ్యాక్టరీలో వంచి వచ్చినవే తెప్పించండి.

గల్ఫ్ సైటు:
ఈ ఒక్కదానికీ నాదీ అదే మాట.