గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాన్నకు ఎందుకు ఇవ్వలేదు?

పల్నాటి_అబ్బాయి:
తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. పోయిన నెల మా నాన్నకు (62 ఏళ్లు, బీపీ ఉంది, మాత్రలు ఒక రోజు వేసుకుంటే రెండు రోజులు మానేస్తాడు) పొద్దున 6 గంటలకు చూసేసరికి కుడి చెయ్యి, కాలు పడిపోయి ఉన్నాయి, మూతి వంకర పోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. పక్కింటి పెద్దాయన పావురం రక్తం రాయిద్దాం అంటుంటే వినకుండా ఆటో ఎక్కించి టౌన్‌కి చేరేసరికి 8:15. సీటీ స్కాన్ తీసి పక్షవాతమే, మెదడులో బ్లీడింగ్ లేదు, నాళంలో రక్తం గడ్డ కట్టింది అన్నారు. మరి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వండి అంటే, రాత్రి ఎన్నింటికి పడుకున్నారని అడిగి, పదింటికి అనగానే "టైమ్ దాటిపోయింది" అనేశారు. మేం చూసింది ఆరింటికి కదా! డబ్బు కట్టలేమనుకున్నారా అని ఇప్పటికీ లోపల మెలిపెడుతోంది.

రాత్రి_డ్యూటీ:
న్యూరాలజీ వార్డులో పనిచేస్తాను. మీ నాన్నగారి కేస్ షీట్ చూడలేదు కాబట్టి పద్ధతి మాత్రమే చెప్తాను. లెక్క మీరు చూసిన దగ్గర్నుంచి కాదు, మనిషి బాగున్నప్పుడు ఆఖరిసారి ఎవరు చూశారో అక్కడి నుంచి. నిద్రలో వస్తే పడుకున్న టైమే పట్టుకుంటాం. అక్కడి నుంచి నాలుగున్నర గంటలు, అంతే. మొదట్లో అది కూడా లేదు, 1995 అమెరికా ట్రయల్‌లో 3 గంటలే, 2008లో యూరప్ ట్రయల్ వచ్చాక పెరిగింది. ఆలస్యమయ్యేకొద్దీ మెదడు చచ్చుబడిన చోట నాళాలు కూడా దెబ్బతింటాయి, అప్పుడు గడ్డ కరిగి రక్తం ఒక్కసారిగా పారితే లోపల బ్లీడింగ్ అవుతుంది. 1995 ట్రయల్‌లో టైమ్‌కి ఇచ్చినా నూటికి ఆరుగురికి పైగా అయింది, ఇవ్వనివాళ్లలో ఒక్కరికన్నా తక్కువ. అయినా మూడు నెలలకు తమ పని తాము చేసుకునే స్థితికి వచ్చినవాళ్లు ఇంజెక్షన్ పడ్డవాళ్లలోనే ఎక్కువ, అందుకే ఇస్తాం.

నిద్రలో వచ్చినవాళ్లకు ఎమ్మారై చూసి ఇచ్చే దారి ఒకటుంది, పెద్ద నాళం మూసుకుంటే కొందరికి 24 గంటల వరకు తొడలోంచి గొట్టం పంపి గడ్డ లాగేస్తారు, కానీ రెండూ అన్ని ఊళ్లలో దొరకవు. డబ్బు సంగతి నాకు తెలీదు, టైమ్ మాట మాత్రం సాకు కాదు.

ఒకటి అడుగుతాను. రాత్రి మధ్యలో నాన్నగారు లేచారా? ఎవరితోనైనా మాట్లాడారా?

సుజాత_అత్తాపూర్:
మా అత్తగారికి ఆల్టెప్లేజ్ (ఆ గడ్డ కరిగించే ఇంజెక్షనే) ఇచ్చారు తమ్ముడూ. సంతకం పెట్టమని కాగితం ఇస్తే, అందులో బ్లీడింగ్ సంగతి చదివి నా చెయ్యి వణికిపోయింది. ముందు బీపీ 185/110 లోపుకి దించారు, తర్వాత బరువు అడిగారు, మాకెవరికీ తెలీదు! కిలోకి 0.9 మిల్లీగ్రాములట, అందులో పదో వంతు ఒక్కసారిగా, మిగతాది గంటసేపు పంప్‌లో ఎక్కించారు. సాయంత్రానికి ఆవిడ అన్న మొదటి మాట "గ్యాస్ కట్టేశావా?" అక్కడే ఏడ్చేశాను. చెయ్యి ఇంకా పూర్తిగా రాలేదనుకోండి. పక్క బెడ్ ఆయనకూ అదే ఇంజెక్షన్, ఆయనలో మార్పేమీ కనపడలేదు.

పల్నాటి_అబ్బాయి:
@రాత్రి_డ్యూటీ, మీరడిగాక అమ్మని అడిగాను. నాలుగున్నరకి లేచి తనే బాత్రూంకి వెళ్లొచ్చాడట, బర్రెకి కుడితి పెట్టావా అని శుభ్రంగా అడిగి మళ్లీ పడుకున్నాడట. హాస్పిటల్‌లో ఈ మాట ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. సీటీ ఫిల్మ్ మీద టైమ్ 8:40 ఉంది.

రాత్రి_డ్యూటీ:
అంటే తొమ్మిది వరకు టైమ్ ఉంది, చేతిలో ఉన్నది 20 నిమిషాలు. బీపీ, షుగర్ చూసి, మందు కలిపి ఎక్కించాలి. అయ్యేదో కాదో నేను చెప్పలేను. ఇప్పుడు ఇంజెక్షన్ పని లేదు, బీపీ మాత్రలు మానకుండా చూడండి, ఈసీజీలో గుండె లయ తప్పుతోందేమో చూశారా అని మీ డాక్టర్‌ని అడగండి, అలా ఉంటే మందులు మారతాయి. ఫిజియో ఆపకండి.

పల్నాటి_అబ్బాయి:
ఫిజియో రోజూ వస్తున్నాడు సార్. నిన్న నాన్న చెంచా పట్టుకున్నాడు, నోటిదాకా రాలేదు. ఈసీజీ సంగతి సోమవారం అడుగుతా. అమ్మకి ఈ 20 నిమిషాల లెక్క చెప్పలేదు.