‘అపాల్’ అనే ఇంగ్లీషు క్రియని ఎలా వాడాలి?

గోదారిగట్టు: మా అపార్ట్‌మెంట్‌లో నెల రోజులుగా లిఫ్ట్ పాడైంది. నాలుగో అంతస్తులో ఉండే పెద్దావిడ మెట్లెక్కలేక నానా అవస్థ పడుతున్నారు. మెయింటెనెన్స్ వాళ్ళకి మెయిల్ రాస్తూ ‘ఐ అపాల్డ్ టు సీ దిస్’ అన్నాను. మా అమ్మాయి చూసి తప్పు నాన్నా అంది. ‘అపాలింగ్’ తెలుసు గానీ, ఈ క్రియ ఎలా నడుస్తుంది?

బడిపంతులు: అమ్మాయి చెప్పింది నిజమేనండీ, ‘ఐ వజ్ అపాల్డ్’ అనాలి. మనం ‘తెల్లబోయాను’ అంటాం, అది మనకే జరిగేది. అపాల్ అలా కాదు, ఎదుటి సంగతి మనల్ని తెల్లబోయేట్టు చేస్తుంది: ‘ఇట్ అపాల్స్ మీ’. పిల్లలు ‘ఐ షాక్డ్’ అని రాసేదీ ఇందుకే, ఏటా దిద్దుతూనే ఉంటాను. తెల్లబోవడం అని ఊరికే అనలేదు. పాత ఫ్రెంచిలో పాలిపోవడానికి ఉన్న మాటలోంచే ఇది పుట్టింది. ‘పేల్’ దీనికి చుట్టమే.

నల్లరేగడి: తెల్లబోవుడు ఒక్కటే సరిపోదన్నా. నేను కోర్టు కాయితాలు తర్జుమా చేస్త. జడ్జిగారు ‘అపాల్డ్’ అన్నరంటే అండ్ల ఏవగింపు ఉంటది, ‘ఇంత అన్యాయమా’ అన్న కోపం ఉంటది. ఒకసారి ‘దిగ్భ్రాంతి’ అని రాసి కొట్టేసిన. పేపర్ల ఏ ప్రమాదం జరిగినా నాయకుల సంతాపంల అదే మాట వస్తది. దాంతోని తప్పు పట్టిన సంగతి పోతది. ఆఖరికి ‘నిర్ఘాంతపోయినం, ఇది సహించరానిది’ అని రెండు ముక్కలు చేసిన.

బడిపంతులు: మంచి పని చేశారు. షేక్‌స్పియర్ కాలంలో అపాల్ అంటే బెదరగొట్టడమే. ఈ ఏవగింపు తర్వాత బలపడింది.

డాలస్ కోడలు: స్పెల్లింగ్ కూడా చూసుకోండి. ఇక్కడ అమెరికాలో ‘అపాల్’కి చివర రెండు ఎల్‌లు, మనం చదువుకున్న బ్రిటిష్ పద్ధతిలో ఒక్కటే. ‘అపాల్డ్’, ‘అపాలింగ్’లకి మాత్రం ఎక్కడైనా రెండే. అపాలింగ్‌ని పాడు వానకీ వాడేస్తారు గానీ, ‘ఐ యామ్ అపాల్డ్’ బరువైన మాట. ఆఫీసులో నేను ఒక్కసారే అన్నాను, గర్భిణిగా ఉన్న తోటి ఉద్యోగినికి మీటింగులో అందరి ముందూ అవమానం జరిగినప్పుడు. గది అంతా నిశ్శబ్దమైపోయింది. మీ నాలుగో అంతస్తు పెద్దావిడ అవస్థకి ఆ మాట తగినదే, తీసెయ్యకండి.

గోదారిగట్టు: తియ్యలేదమ్మా. ‘వియ్ ఆర్ అపాల్డ్’ అని మార్చి, మా అంతస్తు వాళ్ళందరి పేర్లూ కింద చేర్చాను. ఇప్పుడే పంపించాను.