మూడేళ్ల పాపకు కెరటోసిస్ పిలారిస్: యూరియా ఎంత శాతంతో మొదలుపెట్టాలి?

పాపకు జబ్బల వెనక, తొడల మీద, కాస్త బుగ్గల మీద చిన్న చిన్న పొక్కులు. ముట్టుకుంటే గరుకు కాగితంలా ఉంటాయి. దురద, చీము లేవు. స్కిన్ డాక్టరు చూసి కెరటోసిస్ పిలారిస్ అన్నారు. వెంట్రుక కుదుళ్లలో కెరటిన్ (చర్మంలో ఉండే గట్టి ప్రొటీన్) పేరుకుని మూసుకుపోవడమే, అంటుకునేది కాదు.

రోజూ గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లోపు స్నానం, వాసన లేని మైల్డ్ క్లెన్సర్. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాస్తున్నాం. సున్నిపిండి మానేశాం (అమ్మమ్మగారు ఇంకా ఒప్పుకోలేదనుకోండి). రుద్దినకొద్దీ పొక్కు చుట్టూ ఎర్రబడుతుంది తప్ప నునుపు రాదు.

చలి మొదలయ్యాక గరుకు పెరిగింది. గరుకు చర్మాన్ని మెత్తబరిచే 10 శాతం యూరియా క్రీము రాస్తే, గోకిన చోట మంటని ఏడుస్తోంది. గరుకు పొరను ఊడగొట్టే సాలిసిలిక్ యాసిడ్ చిన్నపిల్లల ఒంట్లోకి ఇంకుతుందని డాక్టరు వద్దన్నారు.

5 శాతం యూరియా, రోజు విడిచి రోజు, గీతలు లేని చోట మాత్రమే రాస్తే పనిచేస్తుందా? ఈ వయసులో లాక్టిక్ యాసిడ్ లోషన్ ఎవరైనా వాడారా? ఎన్ని వారాలకు తేడా కనిపించింది? బుగ్గలకు వట్టి మాయిశ్చరైజర్ సరిపోతుందా? ఏది వాడినా డాక్టరుని అడిగాకే మొదలుపెడతాం.