సాగర్ జలాశయంలో ప్రయాణికుల బోటు: కట్టుకునే చోటు, అనుమతులు

ప్రశ్న (హాలియా నుంచి)

అందరికీ నమస్కారం. నేనూ మా తమ్ముడూ పదిహేనేళ్లుగా నాగార్జునసాగర్ జలాశయంలో చేపల వేట మీదే బతుకుతున్నాము. మత్స్య సహకార సంఘంలో సభ్యత్వమూ, వేటకు లైసెన్సూ ఉన్నాయి. సెలవు రోజుల్లో సాగర్‌కు వచ్చే కుటుంబాలను జలాశయంలో ఒక గంట తిప్పి తీసుకువచ్చే పని మొదలుపెట్టాలని ఆలోచిస్తున్నాము. విజయవాడలో 20 సీట్ల ఫైబర్ బోటు ఒకటి అమ్మకానికి ఉందంటే వెళ్లి చూసి వచ్చాము. ఇంజను బాగానే ఉంది కానీ అడుగున రెండు చోట్ల అతుకులు వేసి ఉన్నాయి. యజమాని ఈ నెలలోనే బయానా ఇవ్వమని తొందరపెడుతున్నారు.

మా దగ్గరున్న వేట లైసెన్సు ఈ పనికి చెల్లుతుందా? బోటుకు వేరే రిజిస్ట్రేషన్ కావాలంటే ఎవరిని అడగాలి? అన్నిటికంటే పెద్ద చిక్కు, రాత్రిళ్లు బోటును ఎక్కడ కట్టుకోవాలన్నది. లాంచీ స్టేషన్ పక్కన చోటు అడుగుదామని వెళితే ఒక కార్యాలయం వారు మరో కార్యాలయానికి వెళ్లమన్నారు, అక్కడివారు తిరిగి మొదటి చోటికే పంపారు. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (విజయపురి నార్త్ నుంచి, లాంచీలపై పనిచేసి విరమించినవారు)

తమ్ముడూ, ముందుగా ఒక మాట. చోటు ఖాయం కాకుండా బోటుకు బయానా ఇవ్వవద్దు. బోటు ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాదైనా దొరుకుతుంది, కట్టుకునే చోటు మాత్రం అంత తేలికగా దొరకదు.

సముద్రపు రేవులో పడవ కట్టడం వేరు, జలాశయంలో కట్టడం వేరు. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో నీరు ఆటుపోట్లతో రోజూ పెరిగి తగ్గుతున్నా ఒడ్డు ఉన్నచోటే ఉంటుంది. మన సాగర్‌లో ఒడ్డే జరిగిపోతుంది. పూర్తి మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510 అడుగులు. ఈ 80 అడుగుల తేడా నిలువునా కనిపించేది ఆనకట్ట దగ్గరే. ఏటవాలు నేల మీద అది ఎంతో దూరంగా మారుతుంది. ఆశ్వయుజంలో మెట్ల పక్కన తేలిన బోటును వైశాఖంలో చేరాలంటే రాళ్లూ బురదా దాటుకుని కిందికి నడవవలసి వస్తుంది. అందుకే మీరు అడగవలసింది ఒడ్డున ఒక గుంజకు సరిపడే చోటు కాదు. నీటితో పాటు దిగుతూ, ఎక్కుతూ ఉండే తేలే జెట్టీకి, దాని దగ్గరికి ప్రయాణికులు నడిచే దారికి కలిపి అడగాలి.

నా అనుభవం ఒకటి చెబుతాను. సంక్రాంతికి ఊరికి వెళుతూ మా చిన్న మరబోటును పొట్టి మోకుతో ఒక బండకు బిగించి కట్టాము. రబీకి కాలువలకు నీళ్లు వదులుతున్న రోజులు. వారం తర్వాత తిరిగి వచ్చి చూస్తే నీరు దిగిపోయి, బోటు ముక్కు మోకుకు వేలాడుతూ బండ మీద పైకి లేచి ఉంది, వెనుక భాగం నీళ్లలో మునిగి ఇంజనులో ఒండ్రు చేరింది. మోకు బిగిసి ఎంత గట్టిపడిందంటే ముడి విప్పడం మా వల్ల కాలేదు, కత్తితో కోయవలసి వచ్చింది. ఆ ఇంజను మళ్లీ సరిగా పనిచేయలేదు. కాబట్టి వదులు ఉంచి కట్టండి, రెండో వైపు లంగరు వేయండి, రోజూ ఒక మనిషి వెళ్లి చూసుకునేలా ఏర్పాటు చేసుకోండి.

బోటుకూ బోటుకూ మధ్య ఎడం తప్పనిసరి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు ఒక పడవ నుంచి మరో పడవకు పాకి నలభై వరకు కాలిపోయాయి. పక్కపక్కనే ఆనించి కట్టిన పడవల్లో డీజిలూ, గ్యాస్ బండలూ ఉంటే మంట ఆగేది ఎక్కడ?

జవాబు (నల్లగొండ నుంచి, న్యాయవాది)

పై పెద్దాయన చెప్పిన క్రమమే సరైనది. కాగితాల సంగతి నేను చెబుతాను.

చేపల వేటకు ఇచ్చిన లైసెన్సుతో ప్రయాణికులను ఎక్కించుకోవడం కుదరదు. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో పార్లమెంటు కొత్త ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం చేసింది, అది 2022 జూన్ 7 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఇంజనుతో నడిచే బోటుకు సర్వే ధ్రువపత్రం (బోటును పరీక్షించి ఇచ్చే పత్రం), రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి, నడిపే సరంగుకూ ఇంజను చూసుకునేవారికీ అర్హత పత్రాలు ఉండాలి. నీటిని అల ఎత్తును బట్టి జోన్లుగా విభజిస్తారు కాబట్టి విజయవాడలో ఆ బోటుకు ఇచ్చిన సర్వే పత్రంలో ఏ జోన్ రాసి ఉందో తప్పక చూడండి. ఆషాఢపు గాలికి సాగర్ మధ్యలో లేచే అలలు మీకు నాకంటే బాగా తెలుసు.

మీరు చెప్పిన రెండు అతుకులు నన్ను ఆలోచనలో పడేశాయి. అవి సర్వేకు ముందు వేసినవా, తర్వాత వేసినవా అన్నది యజమానిని రాతపూర్వకంగా అడగండి. తర్వాత వేసినవైతే మళ్లీ సర్వే చేయించి ఇచ్చాకే డబ్బు చేతులు మారాలని ఒప్పందంలో రాయించండి.

రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది, ఇది కొత్త చట్టం వల్ల కలిగిన మేలు. అయితే బోటుకు ఉన్న అనుమతి వేరు, బోటు ఆగే నేలకు కావలసిన అనుమతి వేరు. మిమ్మల్ని ఇటూ అటూ తిప్పడానికి కారణం ఈ రెండింటినీ ఒకే దరఖాస్తులో కలిపి అడగడమేనని నాకు అనిపిస్తున్నది. జలాశయపు అంచు భూమి నీటిపారుదల శాఖది, అడవిని ఆనుకుని ఉన్నచోట అటవీ శాఖ మాట కూడా కావాలి. లాంచీ స్టేషన్ పర్యాటక సంస్థ నడుపుతున్నది కాబట్టి అక్కడ చోటు కావాలంటే వారితోనే ఒప్పందం చేసుకోవాలి. నాగార్జునకొండ దగ్గర దింపాలనుకుంటే అది ఆంధ్రప్రదేశ్ పరిధిలోది, పైగా అక్కడి మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది. మొదటి ఏడాది ఆ ఆలోచన పెట్టుకోవద్దని నా సలహా.

మరొక విషయం చాలామందికి తెలియదు. మన దామరచర్ల మండలంలోని వజీరాబాద్ నుంచి విజయవాడ వరకు 157 కిలోమీటర్ల కృష్ణానది 2008లోనే నాలుగో జాతీయ జలమార్గంలో చేరింది. 2016 జాతీయ జలమార్గాల చట్టంతో దాన్ని ఎగువకు కర్ణాటకలోని గలగలి వరకు పొడిగించారు. సాగర్ జలాశయం ఆ దారిలోదే. నీళ్లలో జెట్టీ నిర్మించదలిస్తే నోయిడాలోని జలమార్గాల ప్రాధికార సంస్థ నిరభ్యంతర పత్రం కూడా చూసుకోవాలి.

జవాబు (కొల్లాపూర్ నుంచి)

మా సోమశిల రేవు సంగతి చెబితే మీకు ఉపయోగపడవచ్చు. శ్రీశైలం జలాశయం 885 అడుగులకు నిండినప్పుడు బోట్లు ఊరి ముందరే ఆగుతాయి. వేసవిలో అవతలి వైపు సంగమేశ్వరం గుడి బయటపడే వేళకు రేవు ఎంతో కిందికి దిగిపోతుంది, బురద మీద బల్లలు పరిచి ముసలివాళ్లను చేయి పట్టుకుని దింపుతారు. ఆ బల్ల జారితే అనుమతి పత్రాలు ఎన్ని ఉన్నా ఏమి లాభం? చోటు చూసేటప్పుడు ఏప్రిల్‌లో ఒకసారి వెళ్లి చూడండి, నిండు నీళ్లలో చూసి నిర్ణయించుకోవద్దు.

ఎంతమందిని ఎక్కించాలన్నదానిలో మాత్రం మనసు గట్టిగా ఉంచుకోండి. 2007 జనవరిలో సింగోటం జాతర రోజుల్లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల సంఖ్యలో జనం పోయారు. ఆ ఊళ్లలో ఇప్పటికీ ఆ మాట ఎత్తితే గొంతు పూడుకుపోతుంది. 2017 నవంబరు 12న విజయవాడ పవిత్ర సంగమం దగ్గర మునిగిన బోటుకు అనుమతే లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ప్రమాదం జరిగినప్పుడు నది వరదలో ఉంది. ఎగువ నుంచి వరద వస్తున్న రోజుల్లో ఎవరు బతిమాలినా బోటు విప్పవద్దు. 20 సీట్లంటే సిబ్బందిని కలుపుకునే లెక్కా, కాదా అన్నది సర్వే పత్రంలో చూసి ఆ సంఖ్యను బోటు పక్కన పెద్ద అక్షరాలతో రాయించండి. పిల్లలకు సరిపోయే లైఫ్ జాకెట్లు విడిగా కొనాలి, పెద్దవాళ్లవి పిల్లల తల మీదుగా జారిపోతాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. బయానా ఆపాము. సర్వే పత్రం నకలు పంపమని యజమానికి ఫోను చేస్తే వెతికి చెబుతానన్నారు. నేలకు ఒకటి, బోటుకు ఒకటి చొప్పున దరఖాస్తులు విడగొట్టి రాస్తాము. చివరిగా ఒక్క సందేహం: తేలే జెట్టీ సొంతంగా పెట్టుకునే స్తోమత మాకు లేకపోతే ఏమి చేయాలి?

జవాబు (విజయపురి నార్త్ నుంచి)

మీ సంఘం పేరు మీద అడగండి తమ్ముడూ. ఇద్దరు అన్నదమ్ములు అడిగితే పక్కన పెట్టే కాగితాన్ని సంఘం తీర్మానంతో ఇస్తే చదివి చూస్తారు, ఖర్చు కూడా పది మందీ పంచుకోవచ్చు. సర్వే పత్రం వెతికి చెబుతానన్న మనిషి దగ్గర మాత్రం ఇంకో నెల ఆగి చూడండి. ఏప్రిల్‌లో మీరు ఇటు వస్తే నేనూ వెంట వస్తాను, నీరు దిగినప్పుడు బండలు ఎక్కడెక్కడ తేలుతాయో నడిచి చూపిస్తాను.