మొనే తోటకి అమ్మని తీసుకెళ్తున్నాను, మే నెలా సెప్టెంబరా?

ఆకుపచ్చ వంతెన:
అమ్మకి అరవై ఆరేళ్ళు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి మా హాల్లో ఒక పాత క్యాలెండర్ బొమ్మ ఫ్రేము కట్టి ఉంది, కలువల చెరువు మీద ఒంపు తిరిగిన ఆకుపచ్చ వంతెన. అది ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మొనే వేసిన బొమ్మ అనీ, ఆ చెరువు ఫ్రాన్స్‌లో జివెర్నీ అనే పల్లెలో, ఆయన తోటలో ఇప్పటికీ ఉందనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అమ్మకి చెప్పగానే "నిజంగా ఉందా?" అని రెండుసార్లు అడిగింది. అంతే, తీసుకెళ్ళాలని ఆ రోజే అనుకున్నాను.

పారిస్‌లో ఐదు రోజులుంటాం, అందులో ఒక రోజు దీనికే. వంతెన మీద విస్టీరియా (గుత్తులుగా వేలాడే పూల తీగ) పూసేది మేలో అంటున్నారు, కలువలు మాత్రం అప్పటికి ఉండవట. ఏ నెల మంచిది? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు, అదొక టెన్షన్. మొనే ఇల్లు కూడా చూడాలా, తోట ఒక్కటీ చాలా?

పొద్దున్నే రైలు:
ముందు ప్రయాణం సంగతి చెప్తాను. పారిస్‌లో సాన్ లజార్ స్టేషన్‌లో రైలెక్కి వెర్నాన్‌లో దిగాలి, ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. అక్కడినుంచి జివెర్నీకి బస్సు ఉంటుంది, రైలు టైముకి తగ్గట్టే నడుస్తుంది. రైలు దిగినవాళ్ళందరూ దానికోసమే వెళ్తారు కాబట్టి మీరు అమ్మగారితో నెమ్మదిగా నడిచి వెళ్ళేసరికి క్యూ పెరిగిపోతుంది, కాస్త ముందు పెట్టెలో ఎక్కితే మేలు. తోట ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 1 వరకే తెరిచి ఉంటుంది, చలికాలం మూసేస్తారు. టికెట్టు ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి.

ఉదయం తెరిచే సమయానికే వెళ్ళండి. లోపలికి వెళ్ళగానే అందరూ ఇంటి ముందే ఆగిపోతారు, మీరు మాత్రం నేరుగా చెరువు వైపు వెళ్ళిపోండి. మొదటి అరగంటే ప్రశాంతంగా ఉంటుంది, తర్వాత టూరిస్టు బస్సులు వచ్చాయంటే వంతెన మీద ఒక్క ఫోటో కోసం పది నిమిషాలు ఆగాలి. ఇంటి తోటకీ చెరువుకీ మధ్య రోడ్డు ఉంది, దాని కింద సొరంగ దారిలోంచి వెళ్ళాలి, మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి. అమ్మగారి మోకాళ్ళకి కష్టమయ్యేది అక్కడా, ఇంట్లో మేడ మెట్ల దగ్గరా. మిగతాదంతా చదునే.

తోటపని:
పై సలహాలో ఒక్క విషయం ఒప్పుకోలేను. పొద్దున్నే చెరువు దగ్గరికి పరిగెత్తితే జనం ఉండరు నిజమే, కానీ కలువలు అప్పటికి పూర్తిగా విచ్చుకోవు. ఎండ బాగా తగిలాక విచ్చుకుంటాయి, సాయంత్రం కాకముందే ముడుచుకుంటాయి. అంటే పూలు బాగుండే వేళే జనమూ ఎక్కువగా ఉండే వేళ, దీనికి ఉపాయమేమీ లేదు. అందుకే నేనైతే చెరువు దగ్గరికి రెండుసార్లు వెళ్ళమంటాను, పొద్దున ఖాళీగా ఉన్నప్పుడు నీళ్ళని చూడ్డానికి ఒకసారి, మధ్యాహ్నం పూల కోసం ఇంకోసారి. మెట్ల ఇబ్బంది ఉంది కాబట్టి రెండోసారి వద్దనుకుంటే, మధ్యలో తిరిగి రాకుండా చెరువు దగ్గరే బెంచీ మీద కూర్చోబెట్టండి. మొనే కూడా అక్కడ గంటలు గంటలు కూర్చునేవాడు!

ఆ చెరువు ముందునుంచీ ఉన్నది కాదు. 1883లో మొనే ఆ ఇంటికి అద్దెకి వచ్చాడు, 1890లో కొనుక్కున్నాడు, 1893లో అప్పట్లో అక్కడున్న రైలు పట్టాల అవతల స్థలం కొని చెరువు తవ్వించాడు. పక్కనున్న వాగు నీళ్ళు మళ్ళిస్తానంటే ఊరి రైతులు ఒప్పుకోలేదు, ఎక్కడివో కొత్త మొక్కలు పెడితే నీళ్ళు పాడైపోతాయని వాళ్ళ భయం. పంతం పట్టి అనుమతి తెచ్చుకున్నాడు. తర్వాత రోడ్డు మీద దుమ్ము లేచి కలువాకుల మీద పడుతోందని ఆ రోడ్డుకి తారు వేయించాడు. అంత ప్రాణం పెట్టి పెంచిన తోటని గంటలో చుట్టేసి రావడం నాకు మనసొప్పదు.

ఇక నెల సంగతి. ఏప్రిల్‌లో తులిప్‌లు, మేలో విస్టీరియా, ఐరిస్‌లు, జూన్‌లో గులాబీలు. కలువలకి జూలై నుంచి సెప్టెంబర్ దాకా. సెప్టెంబర్‌లో ఇంటి ముందు పెద్ద దారి మీదికి నాస్టర్షియం తీగలు రెండు వైపులనుంచీ పాకి నేలంతా కప్పేస్తాయి, అది కూడా చూడాల్సిందే. మీ ఇంట్లో బొమ్మని ఒకసారి సరిగ్గా చూడండి, వంతెన మీద పందిరి ఉందా?

ఆకుపచ్చ వంతెన:
ఇప్పుడే చూశాను. పందిరి లేదు. ఉత్త వంతెన, కింద చెరువు నిండా కలువలు.

తోటపని:
అయితే అది 1899 ప్రాంతంలో వేసిన బొమ్మల్లో ఒకటై ఉంటుంది. విస్టీరియాకి పందిరి కట్టించింది ఆ తర్వాతే. అమ్మగారు ఇన్నేళ్ళూ చూసింది కలువల్ని, విస్టీరియాని కాదు. సెప్టెంబర్ మొదట్లో వెళ్ళండి, మళ్ళీ ఆలోచించకండి.

రంగుల పెట్టె:
ఇల్లు వదిలేయకండి. భోజనాల గది గోడలూ కుర్చీలూ అన్నీ పసుపే, దాన్ని ఆనుకుని నీలం పెంకుల వంటిల్లు, అవి రెండూ కింది అంతస్తులోనే ఉన్నాయి కాబట్టి మేడ ఎక్కలేకపోయినా ఫరవాలేదు. గోడలకి ఆయన సేకరించిన జపాన్ చిత్రాలుంటాయి. మొనే వేసినవి మాత్రం అక్కడ నకళ్ళే, ముందే చెప్పండి, లేకపోతే అమ్మగారు నిరాశపడతారు.

అసలువి చూడాలంటే పారిస్‌లో ఒరాంజెరీ మ్యూజియానికి వెళ్ళండి. కోడిగుడ్డు ఆకారంలో రెండు గదులు, గోడల చుట్టూ కలువలే, మొత్తం ఎనిమిది పెద్ద చిత్రాలు. 1926లో ఆయన పోయాడు, మరుసటి ఏడు ఆ గదులు తెరిచారు. మధ్యలో కూర్చోడానికి బెంచీలున్నాయి, మోకాళ్ళకి హాయి. మంగళవారం సెలవు. జివెర్నీకి ముందు కాదు, తర్వాతి రోజు వెళ్ళండి. నేను తిరగేసి చేశాను, బొమ్మలు ముందు చూసి తోటకి వెళ్తే అక్కడ ప్రతిదాన్నీ బొమ్మతో పోల్చుకుంటూ తిరిగాను, చెరువుని చెరువులా చూడలేకపోయాను. ఇప్పటికీ బాధే.

ఆకుపచ్చ వంతెన:
సెప్టెంబర్ మొదటి వారం ఖాయం చేశాను. బుధవారం జివెర్నీ, గురువారం ఒరాంజెరీ. మేడ ఎక్కం, చెరువు దగ్గర బెంచీ మీద కూర్చుంటాం. అందరికీ చాలా థాంక్స్ అండి. పందిరి లేదన్న సంగతి చెప్తే అమ్మ ఫ్రేము దించి, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసుకుంది.