మోకాలి వంపు కొలిచే సెన్సర్ రీడింగ్ జారిపోతోంది, ఎవరైనా చెప్పండి

బెంగళూరు మారతహళ్ళిలో ఉంటామండీ. అమ్మకి మోకాలి మార్పిడి ఆపరేషనై ఆరు వారాలైంది, కాలు ఎంత వంగుతోందో రోజూ ఇంట్లోనే చూద్దామని ఎస్పీ రోడ్డులో రెండు ఎంపీయూ 6050 సెన్సర్లు (కదలికని, వంపుని కొలిచే చిప్పులు), ఒక ఆర్డుయినో (వాటి రీడింగ్ చదివే చిన్న బోర్డు) కొని, ఒకటి తొడకి, ఇంకొకటి పిక్కకి వెల్క్రోతో కట్టాను (రెండూ ఒకే అడ్రస్ మీద తగువు పడకుండా రెండోదాని ఏడీ0 పిన్ 3.3 వోల్టులకి కలిపి అడ్రస్ మార్చాను, అక్కడిదాకా బాగానే ఉంది). ఫిజియో గారు కీలు కోణం కొలిచే గోనియోమీటర్‌లో 90 ఉంటే నాది 92 చూపించింది, సంతోషించాను. పది నిమిషాలయ్యేసరికి, అమ్మ కాలు చాపుకుని టీవీ చూస్తున్నా 17 డిగ్రీలు వంగిందంటోంది! గైరో (సెన్సర్‌లో తిరిగే వేగం కొలిచే భాగం) ఒక్కటే అయితే తప్పు పేరుకుంటుందని తెలుసు, కానీ దాన్ని యాక్సెలరోమీటర్‌తో (గురుత్వాన్ని బట్టి వంపు చెప్పే భాగం) కలిపే కాంప్లిమెంటరీ ఫిల్టర్, గైరో వాటా 0.98తో పెట్టినా ఇంతే. పట్టీ జారుతోందా, కోడ్‌లోనే ఎక్కడైనా తప్పుందా? నెమ్మదిగానే కదా వంచేది, యాక్సెలరోమీటర్ ఒక్కదానితో సరిపెట్టుకోవచ్చా? "కాలు చూస్తున్నావా, వైర్లు చూస్తున్నావా" అని అమ్మ ఒకటే సణుగుడు.