యార్క్ ట్రిప్: టీ రూములు, పాత వస్తువుల దుకాణాలు (వాలంటీర్ల ప్లానింగ్)

కోఆర్డినేషన్:
అందరికీ నమస్కారం. ఇండియా నుంచి ఇంగ్లండ్ వచ్చిన అమ్మానాన్నలతో యార్క్ ట్రిప్ ఖాయమైంది. లీడ్స్ నుంచి 48 మంది బయల్దేరుతున్నారు, సగానికి పైగా అరవై దాటినవాళ్లే. టీ రూములు, పాత వస్తువుల దుకాణాలు, ఈ రెండే మనకు ముఖ్యం. మిన్‌స్టర్ (యార్క్‌లోని పెద్ద చర్చి) లోపలికి వెళ్లాలనుకునేవాళ్లు టికెట్ వాళ్లే కొనుక్కోవాలి. ఎవరి పని గురించి వాళ్లు ఇక్కడే రాయండి. వాట్సాప్ గ్రూపులో రాస్తే గుడ్ మార్నింగ్ పువ్వుల కింద కొట్టుకుపోతోంది.

రవాణా:
కోచ్ (అద్దె బస్సు) వద్దు, రైలు మేలు. యార్క్ నడిబొడ్డు వీధుల్లోకి పగటిపూట బళ్లను రానివ్వరు. కోచ్ యూనియన్ టెరస్‌లోనో సెయింట్ జార్జెస్ ఫీల్డ్‌లోనో ఆగుతుంది, అక్కడి నుంచి ఎలాగూ నడకే. పైగా ఊజ్ నది పొంగితే ముందు మునిగేది సెయింట్ జార్జెస్ ఫీల్డే. రైలైతే లీడ్స్ నుంచి దాదాపు పాతిక నిమిషాలు. స్టేషన్ నుంచి లెండల్ బ్రిడ్జి దాటి స్టోన్‌గేట్ వీధికి పెద్దవాళ్ల నడకతో ఓ ఇరవై నిమిషాలనుకోండి.

టికెట్లకు గ్రూప్‌సేవ్ తీసుకుందాం. 3 నుంచి 9 మంది పెద్దలు కలిసి ప్రయాణిస్తే ఆఫ్-పీక్ (రద్దీ లేని వేళల) టికెట్ మీద మూడో వంతు తగ్గుతుంది. అరవై దాటినవాళ్లలో ఎవరికైనా సీనియర్ రైల్‌కార్డ్ ఉన్నా, దాని తగ్గింపూ గ్రూప్‌సేవ్ తగ్గింపూ ఒకే టికెట్‌కి కలపడం కుదరదు. ఉచిత బస్ పాస్ ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు వర్తించదు. ఈ ప్రశ్న ప్రతి ట్రిప్‌కీ వస్తుంది కాబట్టి ముందే చెప్తున్నా.

ఒక్క జాగ్రత్త. లీడ్స్ నుంచి యార్క్‌కి హారోగేట్ మీదుగా వెళ్లే రైలు కూడా ఉంది. బోర్డు మీద చివరి స్టేషన్ యార్క్ అనే ఉంటుంది గానీ గంటకు పైగా పడుతుంది. ప్లాట్‌ఫామ్ మీద తొందరపడి అదెక్కితే టీ బుకింగ్ పోయినట్టే.

టీ బుకింగ్:
రవాణా అన్న చెప్పిన 9 మంది లెక్క నాకూ కలిసొచ్చింది. ఒకే టీ రూములో 48 మందికి చోటు దొరకదు, దొరికినా తీసుకోవద్దు. యార్క్‌లో టీ రూములు చాలావరకు పాత భవనాల్లో ఉన్నాయి: ఇరుకు గదులు, వంకర మెట్లు, చిన్న వంటగది. అందరం ఒకేసారి కూర్చుంటే చివరి టేబుల్‌కి టీ వచ్చేసరికి మొదటి టేబుల్ వాళ్లు బిల్లు కట్టేసి లేచిపోతారు. అందుకని ఎనిమిదేసి మందితో ఆరు జట్లు, జట్టుకు నలుగురేసి కూర్చునే రెండు టేబుళ్లు. మూడు చోట్లు, ఒక్కో చోట మధ్యాహ్నం 2 గంటలకు ఒక జట్టు, 3:30కి ఇంకో జట్టు.

మొదటి చోటు బెట్టీస్, సెయింట్ హెలెన్స్ స్క్వేర్‌లో. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఫ్రెడరిక్ బెల్మాంట్ 1919లో హారోగేట్‌లో మొదలుపెట్టిన సంస్థ ఇది. 1936లో క్వీన్ మేరీ ఓడ తొలి ప్రయాణంలో ఆయన ఉన్నాడు. ఆ ఓడ లోపలి అలంకరణ చూసి ముచ్చటపడి యార్క్ శాఖను అదే తీరులో చేయించాడు. కింద కేఫ్‌కి బుకింగ్ ఉండదు, వీధిలో వరుసలో నిలబడాల్సిందే. శనివారం మధ్యాహ్నం ఆ వరుసలో పెద్దవాళ్లను నిలబెట్టలేం. బుక్ చేసుకోగలిగేది పైనున్న బెల్మాంట్ రూమ్, అక్కడ ఆఫ్టర్‌నూన్ టీ ఇస్తారు. ఖరీదు ఎక్కువే, ఇష్టపడి పేరిచ్చినవాళ్లకే ఆ రెండు జట్లు. అద్దం చూడటం మాత్రం మర్చిపోకండి: రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడికి వచ్చిన వైమానికులు వజ్రపు మొన పెన్నుతో తమ పేర్లు చెక్కిన అద్దం కింది అంతస్తులో ఉంది.

రెండోది చాప్టర్ హౌస్ స్ట్రీట్‌లోని గ్రేస్ కోర్ట్ హోటల్. మిన్‌స్టర్ వెనకే, తోట నగర ప్రాకారాన్ని ఆనుకుని ఉంటుంది. నెమ్మదైన చోటు, గట్టిగా మాట్లాడుకునే జట్టును అక్కడ వేయొద్దని మనవి. మూడోది షాంబుల్స్ అనే పాత ఇరుకు వీధి వైపు చిన్న టీ రూము. అక్కడ ఏ టీ రూములో మెట్లు తక్కువో ఫోన్ చేసి కనుక్కుని ఖాయం చేస్తాను. మూడు చోట్లా అడిగే ప్రశ్నలు ఇవే: టేబుల్‌కి ఎన్ని మెట్లు, టాయిలెట్ ఏ అంతస్తులో, డిపాజిట్ ఎంత, ఎన్ని గంటల ముందు రద్దు చేస్తే తిరిగిస్తారు, పెద్ద జట్టుకు సర్వీస్ ఛార్జ్ బిల్లులో వేస్తారా.

మీ ఇంట్లోవాళ్లకు ఇది ముందే చెప్పండి. క్రీమ్ టీ అంటే టీతోపాటు స్కోన్‌లు (బన్నులాంటివి), క్లాటెడ్ క్రీమ్ (చిక్కటి మీగడ), జామ్. ఆఫ్టర్‌నూన్ టీ అంటే మూడంతస్తుల స్టాండు: కింద శాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్‌లు, పైన కేకులు. ధరలో చాలా తేడా. మధ్యాహ్నం పులిహోర తిన్న పెద్దవాళ్లకు క్రీమ్ టీ చాలు. బెల్మాంట్ రూమ్‌లో కాకుండా మిగతా రెండు చోట్లా అదే రాస్తున్నాను.

ఒక సభ్యురాలు:
అక్కా, మా అత్తగారు గుడ్డు కూడా తినరు. స్కోన్ పెట్టొచ్చా? జెల్లీలాంటివి?

టీ బుకింగ్:
అడగడం మంచిదైంది తల్లీ. వెజిటేరియన్ అని చెప్తే ఇక్కడ మాంసం, చేప మాత్రమే మానేస్తారు, గుడ్డు మామూలే. బుకింగ్‌లోనే ‘గుడ్డు లేకుండా’ అని విడిగా రాయాలి. స్కోన్‌లో గుడ్డు లేకపోయినా మెరుపు కోసం పైన గుడ్డు సొన రాస్తారు, అక్కడే దెబ్బతింటాం. స్పాంజ్ కేకు, కర్డ్ టార్ట్, మయొనైజ్ ఉన్న శాండ్‌విచ్‌లు, వీటన్నిటిలోనూ గుడ్డు ఉంటుంది. మూస్, మార్ష్‌మల్లో, పన్నా కోటాలలో జెలటిన్ ఉండొచ్చు, అది జంతువులది. చీజ్ అయితే రెనెట్ (పాలు విరగడానికి కలిపేది) దేనిదో అడగాలి. పాత పద్ధతి పేస్ట్రీలో పంది కొవ్వు కలిపేవాళ్లు ఇంకా ఉన్నారు. వూస్టర్ సాస్‌లో ఆంచోవీ చేప ఉంటుంది, చీజ్ టోస్ట్ మీద అదే చల్లుతారు.

సాధారణంగా ఇబ్బంది లేనివి క్రంపెట్ (చిల్లులుండే మెత్తటి రొట్టె), షార్ట్‌బ్రెడ్ (వెన్న బిస్కెట్), వెన్న రాసిన టోస్ట్, దోసకాయ శాండ్‌విచ్. అయినా ఒకసారి అడిగే తినాలి. పద్నాలుగు అలర్జెన్ల (అలర్జీ తెప్పించే పదార్థాల) వివరం కస్టమర్‌కి చెప్పడం ఇక్కడ చట్టం, గుడ్డు అందులో ఉంది కాబట్టి సూటిగా చెప్తారు. జెలటిన్ ఆ జాబితాలో లేదు, దాన్ని మనమే విడిగా అడగాలి.

టీ విషయం. కుండలో ఆకు, విడిగా పాలు, వడకట్టే జల్లెడ ఇస్తారు. రాగానే పోసుకుంటే లేత రంగు నీళ్లు, ‘ఇదేం టీ’ అని పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. అస్సాం అడగండి, ఐదు నిమిషాలు ఆగి పోయండి, పాలు తక్కువ పోయండి. డార్జిలింగ్‌లో పాలు పోస్తే రెండూ చెడతాయి. వేడి నీళ్లు మళ్లీ తెమ్మంటే మామూలుగా డబ్బులు తీసుకోరు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు మందుల వేళ జట్టు లీడర్‌కి చెప్పాలి, 3:30 జట్టులో వాళ్లను వేయను.

దుకాణాలు:
నడక వరుస ఇలా. స్టోన్‌గేట్‌లో 41వ నంబరు యాంటిక్స్ సెంటర్‌తో మొదలు, అక్కడి నుంచి మిన్‌స్టర్ వైపు, గుడ్రమ్‌గేట్‌లో చారిటీ షాపులు (దానంగా వచ్చిన వస్తువులు అమ్మేవి), కింగ్స్ స్క్వేర్ మీదుగా షాంబుల్స్, చివర ఫాస్‌గేట్. షాంబుల్స్ ఫొటోకే బాగుంటుంది, జనం రద్దీలో కొనడానికి తీరిక ఉండదు. ఫాస్‌గేట్ మాత్రం వదలొద్దు, సొంత దుకాణాలు ఎక్కువ, జనం తక్కువ.

యాంటిక్స్ సెంటర్ జార్జియన్ కాలపు మూడంతస్తుల భవనం, లోపల వందకు పైగా డీలర్ల అద్దాల బీరువాలు. బీరువాకు తాళం ఉంటుంది; కౌంటర్‌లో చెప్తే వచ్చి తీస్తారు. డీలర్ అక్కడ ఉండడు, డబ్బు ఒకే కౌంటర్‌లో. బేరం మన ఊరి లెక్కన సగానికి అడగొద్దు. ‘దీనికి మీ బెస్ట్ ప్రైస్ ఎంత’ అని మర్యాదగా అడిగితే కొంచెం తగ్గొచ్చు. చారిటీ షాపులో అస్సలు అడగొద్దు, బాగుండదు.

అమ్మలందరూ అడిగేది వెండి. వస్తువు వెనక, ముందు కాలు ఒకటి ఎత్తి నడుస్తున్న సింహం ముద్ర ఉంటే ఇంగ్లండ్ స్టెర్లింగ్, వెయ్యికి 925 పాళ్లు వెండి. పక్కనే ఊరి ముద్ర: లంగరు బర్మింగ్‌హామ్, చిరుతపులి తల లండన్, షెఫీల్డ్‌కి 1974 దాకా కిరీటం, 1975 నుంచి గులాబీ. ఈ.పీ.ఎన్.ఎస్. అని ఉంటే నికెల్ మిశ్రమం మీద వెండి పూత మాత్రమే, దాని పక్కన ఏ1 అని ఉన్నా అంతే. కరిగించి గజ్జెలు చేయిద్దాం అనుకునేవాళ్లకు ఇది ముందే చెప్పండి. వెండి పిడి కత్తుల బరువు నమ్మొద్దు, పిడి లోపల బంకలాంటిది నింపి ఉంటుంది.

తెల్లటి పిడి కత్తులు, దంతపు బొమ్మలు కొనొద్దు. ఏనుగు దంతం అమ్మకాన్ని ఐవరీ యాక్ట్ 2018 కొద్ది మినహాయింపులతో నిషేధించింది, 2022 జూన్ 6 నుంచి అమల్లో ఉంది. ఇండియాకు పట్టుకెళ్తే కస్టమ్స్‌లో ఇంకా పెద్ద తలనొప్పి.

కప్పు సాసర్లకు: ఫోన్ టార్చి కప్పు లోపల పెట్టండి, వెంట్రుకవాసి పగులు కనబడుతుంది. గోటితో మీటితే ఖంగుమనాలి, మొద్దుగా మోగితే వదిలేయండి. అంచు చుట్టూ వేలు తిప్పితే చిన్న పెచ్చులు తగులుతాయి. కప్పు, సాసర్ వెనక ముద్రలు రెండూ చూడాలి, జత కలవనివి కలిపి పెట్టేస్తారు. రాయల్ ఆల్బర్ట్ ఓల్డ్ కంట్రీ రోజెస్ చాలామందికి తెలుసు. దాని ముద్రలో 1962 అని ఉంటే అది డిజైన్ వచ్చిన ఏడాది, కప్పు చేసిన ఏడాది కాదు. ఇంగ్లండ్ అన్న మాట ముద్రలో ఉందా చూడండి, తర్వాతి కాలంలో తయారీ బయటి దేశానికి పోయింది. బంగారు గీత ఉన్నవి మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.

కోఆర్డినేషన్:
సూట్‌కేసులో ఎలా సర్దాలి? వ్యాట్ రీఫండ్ సంగతి?

దుకాణాలు:
వ్యాట్ రీఫండ్ 2020 డిసెంబర్ 31తో ఆగిపోయింది, దాని గురించి కౌంటర్‌లో ఎవరూ వాదించొద్దు. సర్దడం: కప్పులో సాక్స్ కుక్కి, చెవిని విడిగా బబుల్ ర్యాప్‌తో చుట్టాలి, ముందు విరిగేది అదే. ప్లేట్లను నిలువుగా పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే పై బరువుకు కింది ప్లేటు పగులుతుంది. చుట్టూ చీరలు, మధ్యలో పింగాణీ, పెట్టె గోడకు తగలకూడదు. కేకు కత్తులు, ఫోర్కులు చెకిన్ బ్యాగులోనే.

రవాణా:
తేదీ ఖాయం చేసేముందు యార్క్ రేస్‌కోర్స్ క్యాలెండర్ చూడండి. గుర్రప్పందేల శనివారం సాయంత్రం రైళ్లలో కాలు పెట్టలేం. ఆదివారం అనేవాళ్లకు: మిన్‌స్టర్‌లోకి సందర్శకులను మధ్యాహ్నం 12:45 దాకా పంపరు, దుకాణాలూ ఆలస్యంగా తెరుస్తారు, రైల్వే మరమ్మతులుంటే బస్సులే. పందేలు లేని శనివారమే నా ఓటు.

భోజనాలు:
పులిహోర, పెరుగన్నం 48 పొట్లాలు మేం కడతాం. తినడం మ్యూజియం గార్డెన్స్‌లో, లెండల్ బ్రిడ్జి దాటగానే. టీ రూములోకి బయటి తిండి తేకూడదు, మిగిలిన పొట్లం బ్యాగులోంచి తీసి టేబుల్ మీద పెట్టొద్దని ఒక్కో జట్టు లీడర్ చెప్పాలి. వాన పడితే ఏం చేద్దాం?

టీ బుకింగ్:
వానైతే స్టేషన్‌లోనో రైల్లోనో తినేసి దిగడమే. చెప్పులు వద్దు, జారని బూట్లే వేయించండి, రాళ్లు పరిచిన వీధులు తడిస్తే నున్నగా ఉంటాయి. పట్టుచీర అంచులు కొంచెం పైకి. నగర ప్రాకారం మీదికి పెద్దవాళ్లను ఎక్కించొద్దు, చాలాచోట్ల లోపలివైపు రెయిలింగ్ లేదు. గుడ్డు తినేవాళ్లు, తిననివాళ్లు, మెట్లు ఎక్కలేనివాళ్ల పేర్లు జట్టువారీగా ఈ ఆదివారం రాత్రికి ఇవ్వండి. సోమవారం పొద్దున్నే డిపాజిట్లు కట్టేస్తాను.